మైకు తీగలో దయ్యం

మీ బడిలో వార్షికోత్సవం జరుగుతోందనుకోండి. వేదిక మీద ఒక మైకు నిలబెట్టి వుంది. దాని నుంచి బయలుదేరిన నల్లటి తీగ వేదిక దిగి, మైకుసెట్టు అతని బల్ల మీదున్న మిక్సరులోకి చేరింది. మీరు ఆ మిక్సరు దగ్గరకు వెళ్ళి చూడండి. వరసలు వరసలుగా మీటలు, గుండ్రటి నాబులు వుంటాయి. వాటిలో ఒక మీట పక్కన 48 అనే అంకె కనబడుతుంది. అది 48 ఓల్టులకు గుర్తు.

ఆ మీట నొక్కితే మైకు తీగలోకి 48 ఓల్టుల విద్యుత్తు ఎక్కుతుంది. "ఇదేం విడ్డూరం! మైకులోంచి కదా విద్యుత్తు మిక్సరులోకి రావాలి? మిక్సరులోంచి మైకులోకి పోవడమేమిటి?" అని మీరు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. దీనికి ఇంజనీర్లు పెట్టిన పేరు ఫాంటం పవర్. ఫాంటం అంటే దయ్యం, కంటికి కనబడని ఆకారం అని అర్థం.

మామూలు మైకును ఈ దయ్యం ఏమీ చెయ్యదు. అదే తీగలో కూర్చుని వుంటుంది, కాని మైకుకు దాని ఉనికే తెలియదు. అయితే ఎవరైనా ఆ మైకును విప్పి, ఇంకా బాగా పలికిద్దామని లోపలి భాగం ఒకటి తీసేశారనుకోండి. అప్పుడు అదే దయ్యం మైకు గొంతు పట్టుకోవచ్చు! ఒక్క భాగం తీసేస్తే అంత మార్పు ఎందుకు వస్తుంది? రండి, మొదటి నుంచి చూద్దాం.

మైకు లోపల ఏముంది?

సభల్లో ఎక్కువగా వాడేది డైనమిక్ మైకు. దీని నిర్మాణం చాలా సులువు. ముందు భాగంలో పల్చటి ప్లాస్టిక్ పొర వుంటుంది. పొర వెనక సన్నటి రాగి తీగచుట్ట అంటుకుని వుంటుంది. ఆ చుట్ట ఒక అయస్కాంతం సందులో వేలాడుతూ వుంటుంది. మీరు మాట్లాడితే గాలి కంపిస్తుంది, గాలితోబాటు పొర కంపిస్తుంది, పొరతోబాటు చుట్ట ముందుకూ వెనక్కూ కదులుతుంది. అయస్కాంత క్షేత్రంలో తీగ కదిలితే ఏమవుతుందో మీరు భౌతికశాస్త్రంలో చదువుకున్నారు. తీగలో విద్యుత్తు పుడుతుంది. అదే మీ గొంతుకు విద్యుత్ రూపం.

అది చాలా చిన్న విద్యుత్తు. మామూలుగా మాట్లాడితే ఒక మిల్లీ ఓల్టు, అంటే ఓల్టులో వెయ్యో వంతు, లేదా దానికి కాస్త అటూ ఇటూ. ఈ మైకుకు బయటి నుంచి విద్యుత్తు అక్కర్లేదు. తన విద్యుత్తును తనే పుట్టించుకుంటుంది.

మరి 48 ఓల్టులు ఎవరి కోసం? కండెన్సర్ మైకు కోసం. దీన్ని 1916లో అమెరికాలోని వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థలో ఇ.సి. వెంటె రూపొందించాడు. ఇందులో అయస్కాంతమూ లేదు, తీగచుట్టా లేదు. దగ్గర దగ్గరగా రెండు పలకలు వుంటాయి. అందులో ఒకటి పల్చటి పొర. అది కదిలినప్పుడు పలకల మధ్య దూరం మారుతుంది, దాన్నిబట్టి విద్యుత్తు మారుతుంది. కాని ఈ మార్పు ఎంత బలహీనమంటే, మైకు లోపలే దాన్ని బలపరిచే చిన్న సర్క్యూటు ఒకటి వుండి తీరాలి. ఆ సర్క్యూటుకు తిండి కావాలి.

దయ్యం పుట్టుక

మొదట్లో కండెన్సర్ మైకు వెంట ఒక బరువైన పెట్టెను మోసుకెళ్ళేవారు. ఆ పెట్టెలోంచి మైకుకు విద్యుత్తు అందేది. అందుకోసం ఎన్నో తీగలున్న లావుపాటి కేబులు కావలసి వచ్చేది. ట్రాన్సిస్టర్లు వచ్చాక మైకు ఆకలి తగ్గింది. అప్పుడు ఇంజనీర్లకు ఆశ పుట్టింది: గొంతును మోసుకొచ్చే తీగల మీదనే విద్యుత్తును కూడా పంపలేమా?

1966లో జర్మనీకి చెందిన నాయ్‌మన్ కంపెనీ నార్వే రేడియో సంస్థ కోసం ఇలాంటి మైకునే తయారుచేసింది. దాని పేరు కె.ఎం. 84. నార్వే స్టూడియోల్లో అత్యవసర దీపాల కోసం 48 ఓల్టుల విద్యుత్తు అప్పటికే సిద్ధంగా వుంది. ఎలాగూ వుంది కదా అని దాన్నే మైకుకూ వాడారు. ఆ తరువాత అదే ప్రమాణమైంది. ఈనాడు ఏ దేశపు మిక్సరు మీద చూసినా 48 అనే అంకె కనబడటానికి వెనక నార్వే దీపాల కథ వుందన్నమాట!

ఒకే తీగల జంట మీద గొంతూ, విద్యుత్తూ కలిసి పోతే కలగాపులగం కాదా? కాదు. కిటుకు అంతా ఇక్కడే వుంది.

రెండు వైపులా సమానం

మైకు కేబులులో మూడు తీగలుంటాయి. మైకు పిన్నుకు మూడు కాళ్ళు. ఒకటో కాలు భూమికి, అంటే సర్క్యూటులో సున్నా ఓల్టుల చోటికి కలుస్తుంది. రెండో కాలు, మూడో కాలు గొంతును మోస్తాయి. తీగచుట్ట ఒక కొస రెండో కాలికి, మరో కొస మూడో కాలికి కలిపి వుంటాయి. మిక్సరు ఈ రెండు తీగల మధ్య వున్న తేడాను మాత్రమే వింటుంది. రెండింటి మీదా సమానంగా వున్నదేదైనా దానికి లెక్కలోకి రాదు. అందుకే పక్కనున్న కరెంటు తీగల నుంచి చొరబడే 'గుయ్' అనే రొద రెండు తీగల్లోకీ సమానంగా చేరి, మిక్సరులో అణగిపోతుంది.

ఇంజనీర్లు ఈ సూత్రాన్నే వాడుకున్నారు. 48 ఓల్టులను ఒక తీగకు కాక, రెండు తీగలకూ సమానంగా ఇచ్చారు. ఒక్కొక్క తీగకు 6800 ఓమ్‌ల నిరోధం ద్వారా ఇస్తారు. రెండు నిరోధాలూ అచ్చుగుద్దినట్లు ఒకటిగా వుండాలి. తిరుగు దారి ఒకటో కాలు. కండెన్సర్ మైకు రెండు తీగల నుంచీ విద్యుత్తును తీసుకుని ఒకటో కాలి ద్వారా తిప్పి పంపుతుంది.

మరి డైనమిక్ మైకు తగిలిస్తే? ఒకే ఎత్తున నీళ్ళున్న రెండు తొట్లను ఒక గొట్టంతో కలిపామనుకోండి. గొట్టంలో నీళ్ళు కదులుతాయా? కదలవు. ఎత్తులో తేడా లేదు గనక. అలాగే తీగచుట్ట ఒక కొస దగ్గర 48 ఓల్టులు, మరో కొస దగ్గర కూడా 48 ఓల్టులే. తేడా సున్నా. కనుక చుట్టలో విద్యుత్ ప్రవాహం కూడా సున్నా. దయ్యం అక్కడే వుంది, కాని మైకును తాకదు.

ఇప్పుడు ఒక తొట్టికి అడుగున చిల్లు పడిందనుకోండి. రెండో తొట్టిలోని నీళ్ళు గొట్టం గుండా ఇటు పరుగెత్తుకొస్తాయి. మైకు తీగల్లో కూడా అలాంటి చిల్లు పడే సందర్భాలు వున్నాయి. కేబులులో ఒక తీగ ఒరిసిపోయి పై అల్లికకు తగలవచ్చు. ఆ అల్లికే ఒకటో కాలు. ఎవరో సొంతంగా చేసిన కేబులులో మూడో కాలును ఒకటో కాలితో కలిపి వుండవచ్చు. పిన్ను దూర్చేటప్పుడు ఒక కాలు ముందు, మరొకటి క్షణం తరువాత తగలవచ్చు.

చిల్లు పడితే ఎంత నష్టం? లెక్క కట్టండి

రెండో తీగ భూమికి తగిలిందనుకుందాం. మూడో తీగలోని విద్యుత్తు తీగచుట్ట గుండా రెండో తీగలోకి, అక్కడి నుంచి భూమికి పోతుంది. ఎంత పోతుంది? ఓమ్ నియమం మీకు తెలుసు. 48ని 6800తో భాగించండి. సుమారు 0.007 ఆంపియర్లు, అంటే 7 మిల్లీ ఆంపియర్లు. తీగచుట్ట నిరోధం దీని ముందు చాలా తక్కువ కాబట్టి లెక్కలో వదిలెయ్యవచ్చు.

"ఇంతేనా!" అంటారేమో. మైకుకు మామూలుగా అలవాటైన ప్రవాహం ఎంతో చూడండి. చుట్ట పుట్టించేది 1 మిల్లీ ఓల్టు, చుట్ట నిరోధం 150 ఓమ్‌లు, మిక్సరు నిరోధం 1500 ఓమ్‌లు అనుకుందాం. ప్రవాహం సుమారు 0.0006 మిల్లీ ఆంపియర్లు. అంటే 7 మిల్లీ ఆంపియర్లు దానికి పదివేల రెట్లకు పైనే!

మైకును తిరగేస్తే లౌడ్‌స్పీకరు. చుట్టలోకి విద్యుత్తు పంపితే చుట్ట కదులుతుంది. ఈ విద్యుత్తు ఆగకుండా ఒకే దిక్కున పోతుంది కనుక చుట్టను ఒక పక్కకు నెట్టి అక్కడే బిగపట్టి వుంచుతుంది. గొంతు నొక్కినట్లు మాట బొంగురు పోతుంది.

అంతకంటె చెడ్డది మరొకటుంది. మిక్సరు లోపల, ఈ తీగల వెంబడే, 48 ఓల్టులకు నిండిన కెపాసిటర్లు వుంటాయి. కెపాసిటరు అంటే విద్యుత్తును దాచుకునే చిన్న కుండ. ఒక తీగ హఠాత్తుగా భూమికి తగిలితే ఆ కుండ ఒక్కసారి ఒలికిపోతుంది. ఆ ఒలికినదానికి 6800 ఓమ్‌ల అడ్డు లేదు. ఆ క్షణంలో చుట్ట గుండా దూకే విద్యుత్తు 7 మిల్లీ ఆంపియర్లకు ఎన్నో రెట్లు వుండవచ్చు. వెంట్రుక కన్నా సన్నటి తీగకు, పల్చటి పొరకు అది గట్టి దెబ్బ. పొరకు బదులు పల్చటి అల్యూమినియం రిబ్బనుతో చేసిన మైకులు వున్నాయి. అలాంటి కుదుపుకు ఆ రిబ్బను సాగిపోయి పాడుకావచ్చు.

కాపలాదారును పంపించేస్తే

మరి మైకుసెట్టు వాళ్ళ చేతుల్లో నలిగే మైకులన్నీ ఎందుకు పాడు కావడం లేదు? చాలా మైకుల్లో ఒక కాపలాదారు వున్నాడు. అతని పేరు ట్రాన్స్‌ఫార్మరు.

అమెరికాకు చెందిన షూర్ కంపెనీ 1965లో విడుదల చేసిన ఎస్.ఎం. 57 మైకును తీసుకోండి. ప్రపంచమంతా వాడే మైకు. దాని పిడిలో ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు వుంటుంది. తీగచుట్ట దాని మొదటి చుట్టకు కలిసి వుంటుంది. మూడు కాళ్ళ పిన్ను రెండో చుట్టకు కలిసి వుంటుంది. రెండు చుట్టల మధ్య తీగ సంబంధం లేదు. అయస్కాంత సంబంధం మాత్రమే వుంది.

1831 ఆగస్టు 29న మైకేల్ ఫారడే ఒక ఇనప కడియానికి రెండు తీగచుట్టలు చుట్టి ప్రయోగం చేశాడు. ఒక చుట్టకు బ్యాటరీ తగిలించగానే రెండో చుట్ట దగ్గరున్న ముల్లు ఒక్కసారి కదిలి ఆగిపోయింది. బ్యాటరీ తీసేసినప్పుడు మళ్ళీ కదిలింది. మధ్యలో విద్యుత్తు నిలకడగా పోతున్నంతసేపూ కదలలేదు. మారే విద్యుత్తు మాత్రమే అవతలికి చేరుతుంది, నిలకడైన విద్యుత్తు చేరదు. మన గొంతు క్షణక్షణం మారే విద్యుత్తు, కనుక ట్రాన్స్‌ఫార్మరును దాటుతుంది. 48 ఓల్టులు నిలకడైనవి, కనుక దాటలేవు. కేబులులో చిల్లు పడినా ఆ 7 మిల్లీ ఆంపియర్లు ట్రాన్స్‌ఫార్మరు చుట్టలోనే తిరిగిపోతాయి, మైకు చుట్టను చేరవు.

అయితే కొందరు సంగీతం రికార్డు చేసేవాళ్ళు ఈ ట్రాన్స్‌ఫార్మరును తీసేస్తారు. అది జిగురుతో అతుక్కుని వుంటుంది కాబట్టి మైకు పిడిని వేడినీళ్ళలో వుంచి ఊడబెరుకుతారు. అలా చేస్తే పలుకు మారుతుందనీ, తమకు అదే నచ్చుతుందనీ అంటారు. నిజమే, పలుకు మారుతుంది, బలం కొంత తగ్గుతుంది. కాని వాళ్ళు తీసేసింది పలుకును మార్చే భాగాన్ని మాత్రమే కాదు, కాపలాదారును కూడా. ఇప్పుడు తీగచుట్ట నేరుగా కేబులు మీద నిలబడి వుంది.

పాత టెలిఫోను రిసీవరును గాని, చిన్న లౌడ్‌స్పీకరును గాని మైకుగా మార్చుకునేవాళ్ళదీ ఇదే కథ. పైగా చాలామంది ఒక కొసను డబ్బాకు, అంటే భూమికి కలిపేస్తారు. అంటే తొట్టికి చిల్లు ముందే పెట్టినట్లు!

మీరే చేసి చూడండి

ఇదంతా మాటలతో నమ్మకండి. 9 ఓల్టుల బ్యాటరీ ఒకటి, 1000 ఓమ్‌ల నిరోధాలు మూడు, ఎర్రటి ఎల్.ఇ.డి. ఒకటి, 1000 మైక్రోఫారడ్‌ల కెపాసిటరు ఒకటి సంపాదించండి. కెపాసిటరు 16 ఓల్టులు గాని, అంతకు మించి గాని తట్టుకునేదై వుండాలి. గోడలోని కరెంటు జోలికి మాత్రం పోవద్దు.

రెండు నిరోధాల ఒక్కొక్క కొసను బ్యాటరీ ధన ధ్రువానికి కలపండి. మిగిలిన కొసలకు 'క', 'చ' అని పేర్లు పెట్టండి. ఎల్.ఇ.డి. పొడుగు కాలును 'చ'కు, పొట్టి కాలును 'క'కు కలపండి. వెలిగిందా? లేదు. రెండు కొసల దగ్గరా 9 ఓల్టులే వున్నాయి. దయ్యం వుంది, ప్రవాహం లేదు.

ఇప్పుడు ఒక తీగతో 'క'ను బ్యాటరీ ఋణ ధ్రువానికి తాకించండి. ఎల్.ఇ.డి. వెలుగుతుంది! ఎల్.ఇ.డి. దగ్గర సుమారు 2 ఓల్టులు పోగా మిగిలిన 7 ఓల్టులు 1000 ఓమ్‌ల గుండా పోతున్నాయి. ఎంత ప్రవాహం? 7 మిల్లీ ఆంపియర్లు. మైకు చుట్టలో మనం లెక్క కట్టినంతే.

బ్యాటరీ తీసేసి, 'చ'కూ ఎల్.ఇ.డి. పొడుగు కాలుకూ మధ్య కెపాసిటరును పెట్టండి. దాని ధన కాలు 'చ' వైపు వుండాలి. బ్యాటరీ పెట్టి మళ్ళీ 'క'ను ఋణ ధ్రువానికి తాకించండి. ఎల్.ఇ.డి. ఒక్కసారి మెరిసి, మెల్లగా ఆరిపోతుంది. మళ్ళీ తాకించినా వెలగదు. కుండ నిండిపోయింది మరి. మళ్ళీ మెరవాలంటే బ్యాటరీ తీసి, మూడో నిరోధాన్ని కెపాసిటరు రెండు కాళ్ళకూ పది సెకన్లపాటు తాకించి ఖాళీ చెయ్యండి.

ఈ చిన్న ప్రయోగం రెండు సంగతులు చెప్పింది. కెపాసిటరు నిలకడైన విద్యుత్తును ఆపుతుంది. కాని మొదటి కుదుపును ఆపలేదు. ఈ రెండో సంగతిని మరచిపోకండి.

కొత్త కాపలా

ట్రాన్స్‌ఫార్మరు తీసేసిన మైకుకు కొత్త కాపలా పెట్టడం ఎలా?

మొదటి దారి, మరో ట్రాన్స్‌ఫార్మరునే పెట్టడం. రెండు వైపులా సమానమైన చుట్లున్నదాన్ని చిన్న డబ్బాలో అమర్చి మైకుకూ మిక్సరుకూ మధ్య వుంచుతారు. 

రెండో దారి, రెండో కాలి తీగలో ఒకటి, మూడో కాలి తీగలో ఒకటి, సమానమైన రెండు కెపాసిటర్లు పెట్టడం. 63 ఓల్టులు గాని, అంతకు మించి గాని తట్టుకునేవి కావాలి. వాటి ధన కాళ్ళు మిక్సరు వైపు వుండాలి. 47 మైక్రోఫారడ్‌లవైతే సరిపోతాయి. రెండూ వరసగా వున్నాయి కనుక కలిపి 23.5 అవుతాయి. మిక్సరు నిరోధం 2000 ఓమ్‌లు అనుకుంటే సుమారు 3 హెర్ట్‌జ్‌ల కంటె తక్కువ కంపనాలు మాత్రమే తగ్గిపోతాయి. మన చెవి వినేది 20 హెర్ట్‌జ్‌ల నుంచి కదా! గొంతుకు ఏ లోటూ రాదు.

మొదటి కుదుపు మాటేమిటి? అందుకు రెండు సిలికాన్ డయోడ్లను ఎదురెదురు దిక్కులకు తిప్పి, తీగచుట్ట రెండు కొసల మధ్య కలుపుతారు. సుమారు 0.6 ఓల్టులు వచ్చేదాకా డయోడు నోరు తెరవదు. ఆపైన వచ్చినదాన్ని పక్కదారి పట్టిస్తుంది. మీరెంత గట్టిగా అరిచినా మైకులో పుట్టేది పదుల మిల్లీ ఓల్టులే. కాబట్టి గొంతు వచ్చినప్పుడు డయోడ్లు నిద్రపోతాయి, కుదుపు వచ్చినప్పుడు లేస్తాయి.

ఇవన్నీ పెట్టకముందే ఒక పరీక్ష చెయ్యాలి. మల్టీమీటరుతో విడి మైకు కాళ్ళను కొలవండి. రెండో, మూడో కాళ్ళ మధ్య చుట్ట నిరోధం చూపాలి. ఒకటో కాలికీ రెండో కాలికీ మధ్య, ఒకటో కాలికీ మూడో కాలికీ మధ్య ఏ సంబంధమూ చూపకూడదు. చూపితే చుట్ట ఎక్కడో భూమికి తగులుతోందన్నమాట. కేబులును కూడా ఇలాగే పరీక్షించాలి.

అన్నిటికన్నా చవకైన కాపలా ఒకటుంది. దానికి పైసా ఖర్చు లేదు. మైకు పిన్ను పెట్టేముందూ, తీసేముందూ 48 మీటను ఆపండి. శబ్దం తగ్గించండి. మిక్సరులోని కుండలు ఖాళీ అయ్యేదాకా అర నిమిషం ఆగండి. ఆ తరువాతే పిన్ను ముట్టుకోండి. మార్చిన మైకు మీద '48 ఓల్టులు పెట్టరాదు' అని చీటీ అంటించండి. మీకు తెలుసు, కాని రేపు ఆ మైకును పట్టుకునే మరో కుర్రవాడికి తెలియదు కదా!

తీసేముందు అడగండి

వస్తువులను విప్పి చూడటం మంచి అలవాటు. మార్చి చూడటం ఇంకా మంచిది. ఎందరో శాస్త్రజ్ఞులు చిన్నతనంలో అలా మొదలుపెట్టినవాళ్ళే. అయితే విప్పినప్పుడు ఏ పనీ చెయ్యనట్లు కనబడే భాగం ఒకటి తరచు మీ చేతికి వస్తుంది. "ఇది లేకపోయినా పనిచేస్తోందే!" అనిపిస్తుంది. నిజంగానే పనిచేస్తుంది, అన్నీ సవ్యంగా వున్నంతకాలం. కాపలాదారు పని దొంగ వచ్చిన రాత్రే తెలుస్తుంది.

కనుక ఈసారి మీరు దేన్నయినా విప్పినప్పుడు, ఒక భాగాన్ని పక్కన పెట్టేముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: "దీన్ని చేసినవాడు ఇది ఎందుకు పెట్టాడు?" జవాబు దొరికాక దాన్ని తీసెయ్యండి, ఫరవాలేదు. కాని అది చేస్తున్న పనిని మరో దానికి అప్పగించాకే తీసెయ్యండి.